కూపన్లు సర్దుకోవడానికి ఏ పద్ధతి మేలు: అమెరికాలోని తెలుగు ఇళ్ళ వారపు సరుకులకు ఒక పోలిక

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల సరుకుల చీటీలో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఇంగువ, కరివేపాకు ఇండియన్ స్టోర్ నుంచి వస్తాయి. వాటికి తయారీ కంపెనీల కూపన్లు, అంటే ధరలో కొంత తగ్గించే కాగితాలు, దాదాపుగా ఉండవు. బట్టల డిటర్జెంట్, గిన్నెల సబ్బు, పేపర్ టవల్స్, టూత్‌పేస్ట్, డైపర్లు, సీరియల్, పిల్లలు అడిగే చిన్న కప్పుల పెరుగు మాత్రం క్రోగర్, పబ్లిక్స్, హెచ్‌ఈబీ, షాప్‌రైట్, టార్గెట్ వంటి చోట్ల కొంటాము, కూపన్లన్నీ తిరిగేది ఈ రెండో భాగం చుట్టూనే. అమెరికన్ల ఇళ్ళలో చీటీ మొత్తానికి పనికివచ్చేలా ఏర్పడిన పద్ధతులను సగం చీటీ ఉన్న మన ఇళ్ళకు యథాతథంగా తెచ్చుకుంటే, మిగిలే డబ్బు కంటే సర్దడానికి పట్టే సమయమే ఎక్కువ అవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో పద్ధతులను వాటి గొప్పదనాన్ని బట్టి కాక, వారానికి ఎంత శ్రమ అడుగుతాయి, చీటీ రాసుకునే వేళకు కూపన్ కంటపడుతుందా లేదా అన్న రెండు ప్రశ్నలను బట్టి పోల్చడం జరిగింది. రెండో ప్రశ్న ముఖ్యమైనది. కూపన్ అక్కరకు రావలసింది ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని ఈ వారం ఏమి కొనాలో నిర్ణయించుకునేటప్పుడు. అక్కడ కంటపడని కూపన్ దుకాణంలో గుర్తుకు వస్తే, అవసరం లేని వస్తువును కొనిపించడానికే ఎక్కువగా పనికివస్తుంది.

సర్దేముందు చేతిలో ఉన్నది ఏ రకమో తెలియాలి

తయారీదారు కూపన్ మీద పైభాగంలో ఆ సంగతి, దాని దగ్గరే గడువు తేదీ అచ్చయి ఉంటాయి. ఆ వస్తువును అమ్ముతూ కూపన్లు తీసుకునే ఏ దుకాణంలోనైనా దానిని ఇవ్వవచ్చు. దుకాణం ఆ మొత్తాన్ని కంపెనీ నుంచి రాబట్టుకుంటుంది, పైగా శ్రమకు గాను కూపన్‌కు సాధారణంగా 8 సెంట్లు అదనంగా అందుతాయి. బిల్లు కౌంటర్ దగ్గర వెనుక వరుస చూసి కూపన్లు తీయడానికి మొహమాటపడేవారు మనలో చాలామంది ఉన్నారు. క్యాషియర్ సొమ్ము గాని, దుకాణం సొమ్ము గాని మనం తీసుకోవడం లేదని తెలిస్తే ఆ మొహమాటానికి కారణం ఉండదు.

దుకాణం కూపన్ అంటే ఆ దుకాణం తన లాభంలోంచి ఇచ్చే తగ్గింపు, అది అక్కడే చెల్లుతుంది. ఒకే వస్తువుకు ఒక తయారీదారు కూపన్‌ను, ఒక దుకాణం కూపన్‌ను కలిపి వాడనిచ్చే దుకాణాలు ఉన్నాయి. ఆగ్నేయ రాష్ట్రాల్లోని పబ్లిక్స్ అలాంటిదే. అయితే ఒక వస్తువుకు రెండు తయారీదారు కూపన్లు, ఒకటి కాగితం మీద, ఒకటి ఫోన్‌లో ఉన్నా సరే, మామూలుగా కుదరవు. ఆల్డి, కాస్ట్‌కో తయారీదారు కూపన్లను తీసుకోవు. మీ వారపు కొనుగోళ్ళలో ఎక్కువ భాగం ఆ రెండు చోట్లే జరుగుతుంటే ఈ వ్యాసంలో ఫోన్ గురించి రాసిన భాగం చదివితే చాలు, అది కూడా మిగతా కొనుగోళ్ళ కోసమే.

కలిపి వాడటం వల్ల వచ్చే తేడాను ఒక లెక్కలో చూద్దాం. 12.99 డాలర్ల డిటర్జెంట్ డబ్బా ఈ వారం 9.99కి వచ్చిందనుకుందాం. దుకాణం కూపన్ 2 డాలర్లు, తయారీదారు కూపన్ 3 డాలర్లు ఉంటే చివరికి పడేది 4.99. పన్ను విషయంలో ఒక మెలిక ఉంది. చాలా రాష్ట్రాల్లో తయారీదారు కూపన్ మొత్తం దుకాణానికి కంపెనీ నుంచి ఎలాగూ అందుతుంది కాబట్టి, పన్ను లెక్కలో దానిని తీసివేయరు. దుకాణం కూపన్‌ను తీసివేస్తారు. అంటే పై లెక్కలో పన్ను 4.99 మీద కాక 7.99 మీద పడుతుంది. తినే సరుకులకు అనేక రాష్ట్రాల్లో పన్ను లేదు కాబట్టి ఈ మెలిక సబ్బులు, కాగితపు సామాన్ల దగ్గరే ఎదురవుతుంది.

కూపన్ మీది చిన్న అక్షరాల్లో రెండు మాటలను తప్పుగా చదవడం మామూలు. ఒక కొనుగోలుకు ఒకటి అని ఉంటే ఒక్కో వస్తువుకు ఒక్కో కూపన్ అని అర్థం. నాలుగు టూత్‌పేస్ట్‌లకు నాలుగు కూపన్లు ఇవ్వవచ్చు. ఒక బిల్లుకు ఒకటి అని ఉంటే మాత్రం బిల్లు మొత్తానికి ఒకటే. దీనికి తోడు ఒకే తరహా కూపన్లు ఒకసారికి నాలుగుకు మించి వాడరాదన్న షరతు కూడా కొన్నిటి మీద ఉంటుంది.

అరల ఫైలు

చేతిపర్సు కంటే కాస్త పెద్దగా, విసనకర్ర మడతల్లా విచ్చుకునే పదమూడు అరల ప్లాస్టిక్ ఫైలు ఆఫీసు సామాన్లు అమ్మే చోట కొద్ది డాలర్లకే దొరుకుతుంది. దీని కంటే చవకైనది ఒట్టి ఎన్వలప్. వారానికి నాలుగైదు కూపన్లకు మించి వాడని ఇంటికి అదే చాలు, చీటీని కూడా ఆ ఎన్వలప్ వెనుకనే రాసుకోవచ్చు. అంతకు మించి చెప్పవలసిన విశేషాలు ఎన్వలప్‌కు లేవు.

అరల ఫైలు విషయంలో అసలు ప్రశ్న అరలకు ఏ పేర్లు పెట్టాలన్నది. చాలామంది సరుకుల రకాలను బట్టి పెడతారు: సబ్బులు, కాగితపు సామాన్లు, పాల పదార్థాలు, పిల్లల సామాన్లు. ఇది వెతకడానికి సులువు, కాని గడువు దాటినవి అడుగున పడి ఉండిపోతాయి. కొందరు గడువు తేదీని బట్టి వారానికో అర పెడతారు. పాతవి వాటంతట అవే పైకి వస్తాయి గాని, డైపర్ల కూపన్ ఎక్కడుందో తెలియాలంటే అరలన్నీ తడమాలి. దుకాణాన్ని బట్టి పెట్టడం వీటిలో బలహీనమైనది, ఎందుకంటే తయారీదారు కూపన్ ఏ దుకాణానికీ చెందదు. నా ఉద్దేశంలో వెనుక అరలను రకాలకు వదిలి, మొదటి అరను ఈ వారం కొనబోయేవాటికి, రెండో అరను త్వరలో గడువు ముగిసేవాటికి, చివరి అరను షాపింగ్ బండిలో వేసినవాటికి కేటాయించడం అన్నిటికంటే పనికివచ్చే అమరిక. చీటీ రాసుకునేటప్పుడు వెనుక నుంచి తీసి మొదటి అరలో పెట్టాలి. దుకాణంలో వస్తువు బండిలో వేసిన క్షణమే దాని కూపన్‌ను మొదటి అర నుంచి చివరి అరకు మార్చాలి. బిల్లు దగ్గరకు వచ్చేసరికి చివరి అరలోని కాగితాలను మాత్రం తీసి ఇస్తే సరిపోతుంది. కొనని వస్తువు కూపన్ పొరపాటున క్యాషియర్ చేతికి వెళ్ళడం, అక్కడ వెతుకులాట, వెనుకవారి నిట్టూర్పులు ఉండవు.

అరల ఫైలుకు ఉన్న లోపం కూపన్లు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉండటం. ఒక అరలో పదిహేను దాటితే ప్రతిసారీ పేకముక్కల్లా తిప్పి చూడవలసి వస్తుంది. అప్పటికి గాని బైండర్ ఆలోచన అవసరం లేదు.

బైండర్

కూపన్ల గురించి ఎక్కడ చదివినా ముందుగా కనిపించేది జిప్ ఉన్న మూడు రింగుల బైండర్. బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు దాచుకోవడానికి తయారైన, పేజీకి తొమ్మిది అరలున్న పారదర్శక ప్లాస్టిక్ పుటలను ఇందులో వాడతారు. కూపన్‌ను వస్తువు పేరు, తగ్గింపు మొత్తం, గడువు తేదీ మూడూ పైకి కనిపించేటట్లు మడిచి ఒక్కో అరలో పెడతారు. పేజీ తిప్పితే తొమ్మిదీ ఒక్క చూపులో అగుపిస్తాయి, ఒకే రకం కూపన్లు నాలుగుంటే ఒకే అరలో ఇముడుతాయి. కనిపించే తీరులో దీనిని మించినది లేదు. దుకాణంలో చెప్పాపెట్టకుండా ధర తగ్గించి మూలన పెట్టిన సరుకులు ఎదురైనప్పుడు, ఆ వస్తువుకు కూపన్ ఉన్నదో లేదో అక్కడే నిలబడి తేల్చుకోగలిగేది బైండర్ ఉన్నవారే.

ఇంత మెచ్చుకున్నాక కూడా చాలా తెలుగు ఇళ్ళకు దీనిని నేను సిఫారసు చేయను. మొదటి కారణం శ్రమ. ప్రతి ఆదివారం కత్తిరించడం, మడవడం, సరైన పేజీ వెతికి దూర్చడం, గడువు దాటినవాటిని ఏరివేయడం కలిపితే వారాంతపు పూటలో పెద్ద భాగమే పోతుంది, ఆ కత్తిరించినవాటిలో అధిక భాగం ఎన్నడూ వాడరు. రెండో కారణం గడువులు కుదించుకుపోవడం. బైండర్ పద్ధతి బలపడిన కాలంలో కూపన్లు రెండు మూడు నెలలు చెల్లేవి. దాచి ఉంచి, దుకాణంలో ధర తగ్గిన వారం చూసి వాడటంలోనే దాని ప్రయోజనమంతా ఉండేది. ఇప్పుడు కొన్ని పెద్ద కంపెనీల కూపన్లకు రెండు వారాల గడువే ఉంటోంది, ఆదివారం పత్రికల్లో వచ్చే కూపన్ పుస్తకాలు కూడా పలచబడ్డాయి. రెండు వారాలు బతికే కాగితానికి అంత చక్కని అర కట్టడం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. మూడో కారణం చిన్నదిగా కనిపిస్తుంది గాని నిత్యం ఎదురవుతుంది: బైండర్‌ను విప్పి పెట్టుకోవడానికి బండిలో సరైన చోటు పిల్లలను కూర్చోబెట్టే సీటు ఒక్కటే. రెండేళ్ళ పాప అక్కడ కూర్చుంటే బైండర్ సరుకుల కింద నలుగుతుంది. డైపర్ల కూపన్లు ఎక్కువగా కావలసిన ఇళ్ళలోనే ఈ ఇబ్బంది కూడా ఉండటం వల్ల, బైండర్ ఎవరికి ఎక్కువ లాభమో వారికే ఎక్కువ అసౌకర్యమవుతుంది.

ఇక బైండర్ ఎవరికి తగును? ఉమ్మడిగా రెండు మూడు కుటుంబాలకు కలిపి సరుకులు కొనేవారికి, వారానికి ముప్పై నలభై కూపన్లకు తక్కువ కాకుండా వాడేవారికి, గుడిలోనో ఆహార దాన కేంద్రంలోనో ఇవ్వడానికి సబ్బులు, టూత్‌పేస్ట్‌లు సేకరించేవారికి. ఈ చివరి వర్గంవారికి బైండర్ నిజంగా అక్కరకు వస్తుంది, ఎందుకంటే వారికి బ్రాండు పట్టింపు లేదు. ఏది చవకగా దొరికితే అది కావాలి.

కత్తిరించకుండా తేదీ వారీగా దాచడం

ఈ పద్ధతిలో ఆదివారం పత్రికతో గాని, తపాలాలో గాని వచ్చిన కూపన్ పుస్తకాన్ని ముట్టుకోకుండా, ముఖచిత్రం పైమూలలో లావు మార్కర్‌తో తేదీ రాసి, ఒక డబ్బాలో తేదీ వరుసలో నిలబెడతారు. అంతే. ప్రతి వారం దుకాణాల ప్రకటనలను, కూపన్లను జతచేసి చూపే జాబితాలు ఇంటర్నెట్‌లో విరివిగా దొరుకుతాయి. ఫలానా డిటర్జెంట్ ఈ వారం ఫలానా దుకాణంలో ఇంతకు వచ్చింది, దానికి ఫలానా పుస్తకంలో ఫలానా తేదీన వచ్చిన కూపన్ వాడండి అని వాటిలో ఉంటుంది. పుస్తకం పేరును రెండు అక్షరాలకు కుదించి, పక్కన తేదీ ఇస్తారు. చీటీ రాసుకుంటూ ఆ తేదీ పుస్తకాన్ని తీసి, కావలసిన ఒకటి రెండు కూపన్లను మాత్రం కత్తిరించి, మిగతా పుస్తకాన్ని దాని చోట పెడితే పని పూర్తయింది.

మన ఇళ్ళకు కాగితపు పద్ధతుల్లో ఇదే అన్నిటికంటే అమరుతుందని నా అభిప్రాయం. శ్రమ అవసరం ఏర్పడ్డాకే మొదలవుతుంది. కూపన్ ఉంది కాబట్టి వస్తువు కొనడం అన్న తిరకాసు ఇందులో దాదాపు ఉండదు, ఎందుకంటే చీటీలోకి వస్తువు వచ్చాకే కత్తెర బయటకు వస్తుంది. మన చీటీలో కూపన్ పడే వస్తువులు పది పన్నెండు రకాలకు మించవు కాబట్టి పుస్తకంలో మిగతా తొంభై శాతం కాగితాన్ని కత్తిరించి, సర్ది, చివరికి పారవేసే పని తప్పుతుంది.

లోపాలు లేకపోలేదు. ఒకే వారం పుస్తకంలోని కూపన్లు ఊరిని బట్టి మారుతాయి. డల్లాస్ పత్రికలో 3 డాలర్ల కూపన్ వచ్చిన వస్తువుకు న్యూజెర్సీ పత్రికలో 2 డాలర్లదే రావచ్చు, అసలు రాకనూపోవచ్చు. జాబితాలో ఉన్నదని నమ్మి దుకాణానికి బయలుదేరకుండా, కత్తిరించి చేతిలో పట్టుకున్నాకే చీటీలో రాసుకోవాలి. దుకాణంలో అనుకోకుండా తారసపడిన తగ్గింపులకు ఈ పద్ధతి పనికిరాదు, కూపన్లు ఇంట్లో ఉంటాయి కాబట్టి. పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే ఏ వస్తువుకు కూపన్ ఉందో గుర్తుకు తెచ్చుకోవచ్చు గాని, ఆ ఫొటో కౌంటర్ దగ్గర చెల్లదు. కూపన్‌ను ఫొటోకాపీ తీసి వాడటం మోసం కిందకు వస్తుంది; ఇంట్లో ప్రింట్ చేసుకునే కూపన్లలో ప్రతి దాని మీద వేర్వేరు సంఖ్య ఉండేది అందుకే.

పత్రిక ధర కూడా లెక్కలోకి తీసుకోవాలి. కేవలం కూపన్ల కోసం ఆదివారం సంచిక కొంటున్నట్లయితే, ఆ వారం వాడిన కాగితపు కూపన్ల మొత్తంలోంచి సంచిక ధర తీసివేస్తే మిగిలేదే అసలు ఆదా. వరుసగా కొన్ని వారాలు అది సున్నాకు దగ్గరగా ఉంటే పత్రిక మానివేయడమే ఆదా.

ఫోన్‌లోని కూపన్లు

ఇప్పుడు ఎక్కువ తగ్గింపులు దుకాణాల యాప్‌ల ద్వారానే వస్తున్నాయి. ఖాతా తెరిచి, కావలసిన కూపన్లను నొక్కి ఖాతాలో చేర్చుకుని, బిల్లు దగ్గర ఫోన్ నంబరు చెబితే తగ్గింపు దానంతట అదే పడుతుంది. కత్తెర లేదు, మడతలు లేవు, మరచిపోవడం లేదు. అందువల్ల ఇక్కడ సర్దుకునే అవసరమే లేదని చాలామంది భావిస్తారు. ఆ భావన వల్లనే డబ్బు జారిపోయేది.

క్రోగర్‌లో వారపు డిజిటల్ తగ్గింపులను తీసుకుందాం. ఒకే కూపన్‌ను ఒక బిల్లులో ఐదు వస్తువుల దాకా వాడుకునే వీలున్న తగ్గింపులు అక్కడ తరచుగా వస్తాయి. షెల్ఫ్ మీది పసుపు చీటీలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర ఆ కూపన్‌ను ఖాతాలో చేర్చుకున్నవారికే. చేర్చుకోకుండా వెళ్ళినవారు మామూలు ధర చెల్లించి, బిల్లు కూడా చూడకుండా ఇంటికి వస్తారు. దీనికి భయపడి కనిపించిన ప్రతి కూపన్‌నూ నొక్కేవారు మరో తరహా. వారి ఖాతాలో వందల కూపన్లు పేరుకుని, ఏవి ఉన్నాయో వారికే తెలియదు. కొన్ని యాప్‌లలో ఒకసారికి ఇన్నే చేర్చుకోవాలన్న పరిమితి కూడా ఉండటంతో, పనికిరానివి నిండిపోయి కావలసినదానికి చోటు దొరకదు.

ఇంతకంటే ఎవరూ పెద్దగా చెప్పని చిక్కు మరొకటి ఉంది. ఒక వస్తువుకు ఫోన్‌లో 1 డాలరు తయారీదారు కూపన్, చేతిలో 2 డాలర్ల కాగితపు తయారీదారు కూపన్ ఉన్నాయనుకుందాం. ఫోన్ నంబరు కొట్టగానే చాలా దుకాణాల యంత్రాలు 1 డాలరుదాన్ని ముందే పట్టుకుంటాయి, ఆ తరువాత కాగితపు కూపన్‌ను తిరస్కరిస్తాయి. ఖాతాలో ఒకసారి చేర్చినదాన్ని తీసివేసే వీలు అన్ని యాప్‌లలో ఉండదు. అందువల్ల కాగితం, ఫోన్ రెండూ వాడే ఇంట్లో యాప్‌లో కూపన్ నొక్కే ముందు ఆ వారం పుస్తకాన్ని ఒకసారి తిరగేయాలి. దుకాణం సొంత డిజిటల్ కూపన్లకు ఈ చిక్కు లేదు, వాటిని నిస్సంకోచంగా చేర్చుకోవచ్చు.

ఫోన్‌లో సర్దుకోవడమంటే, నా దృష్టిలో, మూడు అలవాట్లు. ఇంటికి ఒకే ఖాతా ఉండాలి, భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ దానితోనే లాగిన్ అయి ఉండాలి. వేర్వేరు ఖాతాలుంటే ఒకరు చేర్చిన కూపన్ మరొకరు సరుకులకు వెళ్ళినప్పుడు పనిచేయదు. కొత్త వారం ప్రకటన వచ్చిన రోజు, చాలా ప్రాంతాల్లోని క్రోగర్ దుకాణాలకు అది బుధవారం, చీటీ పక్కన పెట్టుకుని యాప్‌లో వస్తువు పేరుతో వెతకాలి. యాప్ తనంతట తాను ముందుకు తోసే వరుసను పైనుంచి కిందకు చూస్తూ పోకూడదు. ఇంకా, దుకాణం లోపల సిగ్నల్ సరిగా అందని చోట్లు ఉంటాయి కాబట్టి ఈ పని ఇంట్లోనే ముగించుకోవాలి.

ఐబొట్టా వంటి రిబేటు యాప్‌లను కూపన్లతో కలిపి చూడకూడదు. వాటిలో బిల్లు తగ్గదు. ముందుగా వస్తువును ఎంచుకుని, కొన్నాక రసీదును ఫొటో తీసి పంపితే కొంత సొమ్ము ఖాతాలో జమ అవుతుంది, అది కనీస మొత్తానికి చేరాకే చేతికి వస్తుంది. కూపన్ వాడిన వస్తువు మీద కూడా తరచుగా ఇవి దొరుకుతాయి కాబట్టి అదనపు ఆదాయంగా పరవాలేదు. అయితే రసీదులను అదే రోజు పంపే అలవాటు లేనివారు వీటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఏ పద్ధతికైనా ముందు ఔన్సు లెక్క

పద్ధతి ఎంత చక్కగా ఉన్నా, కూపన్ పడిన వస్తువు నిజంగా చవకైనదేనా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. షెల్ఫ్ చీటీలో మూలన చిన్నగా ఉండే ఔన్సు ధర చెబుతుంది. పెరుగు మనకు నిత్యావసరం కాబట్టి దానినే చూద్దాం. 5.3 ఔన్సుల కప్పులు ఐదు కొంటే 1 డాలరు తగ్గింపు అని కూపన్ వచ్చిందనుకుందాం. కప్పు 1.25 అయితే ఐదింటికి 6.25, కూపన్ పోను 5.25, వచ్చేది 26.5 ఔన్సులు, అంటే ఔన్సు సుమారు 20 సెంట్లు. పక్కనే 32 ఔన్సుల డబ్బా 4.50 ఉంటే ఔన్సు 14 సెంట్లు, దానికి ఏ కూపనూ అక్కరలేదు. పిల్లల లంచ్ బాక్సులోకి పండ్ల రుచులున్న కప్పులు ఎలాగూ కొంటామంటే కూపన్ వాడాలి. మజ్జిగకు, ఆవకాయ అన్నంలోకి పెరుగు కావాలంటే ఆ కూపన్ మనది కాదు.

డిటర్జెంట్, డైపర్ల విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. కూపన్ మీద కనీస పరిమాణం రాయకపోతే 3 డాలర్ల కూపన్‌ను పెద్ద డబ్బా మీద కంటే చిన్న డబ్బా మీద వాడితేనే శాతంలో ఎక్కువ తగ్గుతుంది. అందుకే పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అన్న కాస్ట్‌కో అలవాటును కూపన్ చేతిలో ఉన్న రోజున పక్కన పెట్టి, రెండు పరిమాణాలకూ ఔన్సు ధర లేదా డైపర్ ఒక్కింటి ధర వేసి చూడాలి.

ఎవరికి ఏది

ఉద్యోగాలు చేసుకునే దంపతులు, పిల్లలు లేనివారు లేదా పిల్లలు కాస్త పెద్దవారైనవారు, కాగితాన్ని పూర్తిగా వదిలి రెండు దుకాణాల యాప్‌లకు పరిమితం కావడం మంచిది. మూడో యాప్ పెట్టుకుంటే దాని కోసం మూడో దుకాణానికి వెళ్ళవలసి వస్తుంది. దూరాలు ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఆ పెట్రోలు ఖర్చు, గంటసేపు సమయం ఏ కూపనూ తిరిగి ఇవ్వదు.

పసిపిల్లలున్న ఇంటికి యాప్‌తో పాటు తేదీ వారీ డబ్బా, బయటకు తీసుకువెళ్ళడానికి చిన్న అరల ఫైలు, ఈ మూడూ కలిసి బాగా పనిచేస్తాయి. డైపర్లు, వైప్స్, పసిపిల్లల సబ్బులకు కాగితపు కూపన్ల మొత్తాలు ఇప్పటికీ పెద్దవిగానే ఉంటాయి. కంపెనీల వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకుంటే ఇంటికి వచ్చే కూపన్లు కూడా ఉంటాయి. ఒకే జాగ్రత్త: సైజు మారే వయసులో కూపన్ ఉన్నదని నాలుగు ప్యాకెట్లు కొని పెడితే రెండు మిగిలిపోతాయి.

విద్యార్థులు, ఒక గదిలో నలుగురు ఉండేవారు ఎన్వలప్‌తోనో, ఒట్టి యాప్‌తోనో సరిపెట్టుకోవచ్చు. వారికి ఆదా కూపన్లలో కంటే దుకాణం సొంత బ్రాండు సరుకుల్లో ఎక్కువగా దొరుకుతుంది. కంపెనీ బ్రాండు మీద 1 డాలరు కూపన్ పెట్టాక కూడా దుకాణం బ్రాండే తక్కువకు వచ్చే సందర్భాలు చాలా ఉంటాయి.

ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో, అత్తమామలో ఇంట్లో ఉంటే పరిస్థితి మారుతుంది. వారికి తీరిక ఉంటుంది, కాగితం చేతికి అలవాటు, ధరలు గుర్తుంచుకోవడంలో మనకంటే దిట్టలు. కత్తిరింపు పని వారికి అప్పగించడం తేలిక, కాని అంతకంటే మేలైన పని చీటీని, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి జతచేయడం. అది అప్పగిస్తే అక్కరలేని కూపన్లు ఫైలులోకి చేరవు. వారు ఒంటరిగా దుకాణానికి నడిచి వెళ్ళే ఇళ్ళలో ఇంటి ఖాతా ఫోన్ నంబరును అంకెల్లో పెద్దగా రాసి అరల ఫైలు మూత లోపల అతికించాలి. కౌంటర్ దగ్గర మీటల మీద ఆ పది అంకెలు నొక్కితే చాలు, స్మార్ట్‌ఫోన్ చేతిలో లేకపోయినా ఇంట్లో ముందుగా చేర్చి పెట్టిన డిజిటల్ కూపన్లన్నీ పడతాయి. స్మార్ట్‌ఫోన్ లేనివారు డిజిటల్ ధరలకు దూరమవుతున్నారన్న అభ్యంతరం మీద 2025లో శాన్ డియాగో నగరపాలక మండలి డిజిటల్ తగ్గింపులను కాగితం రూపంలో కూడా ఇవ్వాలని కిరాణా దుకాణాలకు నిబంధన చేసింది. అటువంటి నిబంధన లేని ఊళ్ళలో కూడా కస్టమర్ సర్వీస్ బల్ల దగ్గర మర్యాదగా అడిగితే డిజిటల్ ధరను బిల్లులో వేసే దుకాణాలు ఉన్నాయి. ఆ బల్ల ఎక్కడుందో మొదటిసారి వెంట వెళ్ళినప్పుడే పెద్దవాళ్ళకు చూపించి ఉంచడం అవసరం.